స్టేషన్ పక్కన అద్దె ఇల్లు: బెజవాడలో కట్టాలంటే ఎక్కడ చిక్కు పడుతుంది?

విజయవాడలో పేదలకు ఇళ్లు కట్టలేదా అంటే కట్టారు. 2001లో మొదలైన వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన కింద సింగ్‌నగర్ అవతల వచ్చిన ఇళ్లను జనం ఇప్పటికీ వాంబే కాలనీ అనే పిలుస్తారు. 2005 చివర్లో వచ్చిన కేంద్ర నగరాభివృద్ధి పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం డబ్బుతో జక్కంపూడిలో అపార్ట్‌మెంట్లు లేచాయి. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వ గృహ నిర్మాణ సంస్థ టిడ్కో కట్టిన ఇళ్లు వచ్చాయి, 300, 365, 430 చదరపు అడుగులు, మూడు సైజుల్లో. 2020 డిసెంబరులో పట్టణ పేదలకు సెంటు చొప్పున స్థలాలు ఇచ్చారు. ప్రభుత్వాలు మారాయి, గోడల రంగులు మారాయి, పథకాల పేర్లు మారాయి. ఎక్కడ కట్టాలన్న లెక్క మాత్రం మారలేదు. భూమి ఎక్కడ చౌకగా దొరికితే అక్కడ.

ఊరి బయట ఇల్లు చౌకే. అక్కడి నుంచి పనికి వెళ్లి రావడమే చౌక కాదు.

స్టేషన్ చుట్టుపక్కల ఎవరు పని చేస్తారో ఒకసారి చూడండి. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర తెల్లవారకముందే కూరగాయల లారీలు దించే ముఠా కూలీలు, వన్‌టౌన్ గోడౌన్లలో బస్తాలు మోసేవాళ్లు, ప్లాట్‌ఫారం మీద పోర్టర్లు, ఇడ్లీ బళ్లవాళ్లు, రాత్రి దిగే ప్రయాణికుల కోసం కాచుకునే ఆటోవాళ్లు, గాంధీనగర్ హోటళ్లలో వంటవాళ్లు, సూర్యారావుపేట ఆస్పత్రుల్లో నైట్ డ్యూటీ ఆయాలు. వీళ్లలో ఎక్కువమందికి పని మొదలయ్యే వేళకు సిటీ బస్సు ఉండదు. ఉదయం ఆరింటికి షేర్ ఆటో దొరుకుతుంది గానీ తెల్లవారుజామున మూడింటికి దొరకదు. దొరికినా మొత్తం ఆటో మాట్లాడుకోవాల్సిందే.

ఒక ఉదాహరణ వేసుకుందాం. భార్యాభర్తలిద్దరూ పనిచేసి నెలకు 20 వేలు తెచ్చుకునే ఇల్లు అనుకోండి. ఆదాయంలో 30 శాతానికి మించి ఇంటికి పోకూడదన్నది అందరూ వాడే కొలత. అంటే 6 వేలు. ఇద్దరికీ రానూపోనూ రోజుకు తలా 60 రూపాయలు పడితే, 26 పనిదినాలకు 3,120. ఊరి బయట ఇల్లు పూర్తిగా ఉచితంగా ఇచ్చినా, అద్దెకు పెట్టగలిగిన డబ్బులో సగం అలా దారిలోనే కరిగిపోతుంది. బడికెళ్లే పిల్లలుంటే ఇంకొంచెం. దారిలో పోయే గంటలు ఏ లెక్కలోకీ రావు. అందుకే కొంతమంది లబ్ధిదారులు అక్కడి ఇంటిని ఎవరికో అద్దెకిచ్చి, తాము వన్‌టౌన్ సందుల్లో ఇరుకు గదిలోనే ఉండిపోతారు. దాన్ని పథకం దుర్వినియోగం అనడం ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తేలిక. వాళ్ల లెక్క వేస్తే మనమూ అదే చేస్తాం.

సరే, మరి ఊళ్లోనే, స్టేషన్ పక్కనే కడితే?

గజం ధర ముందు సిమెంటు ధర ఎంత

ఇళ్లు చౌకగా కట్టడం అనగానే మన చర్చంతా కొత్త టెక్నాలజీ చుట్టూ తిరుగుతుంది. అల్యూమినియం అచ్చుల్లో ఒకేసారి పోసే గోడలు, ఫ్లైయాష్ ఇటుకలు, ఫ్యాక్టరీలో తయారై వచ్చే స్లాబులు. అవన్నీ మంచివే. కానీ స్టేషన్ పక్కన ధరను నిర్ణయించేది అవి కాదు.

లోపల వాడుకునే చోటు 400 చదరపు అడుగులున్న ఇల్లు తీసుకుందాం. గోడలు, మెట్లు, వరండా వాటా కలిపితే 520 అడుగుల కట్టడం. అడుగుకు 2 వేలు వేసుకుంటే నిర్మాణానికి 10 లక్షల 40 వేలు. ఐదంతస్తులు, స్థలంలో సగం ఖాళీ వదిలితే ఆ ఇంటి కింద పడే భూమి వాటా దాదాపు 23 గజాలు. గజం లక్ష అనుకుంటే ఆ భూమికే 23 లక్షలు. మొత్తం 33 లక్షల పైమాట. ఈ డబ్బు మీద 8 శాతం వడ్డీ ఒక్కటే రాబట్టాలన్నా నెలకు 22 వేలకు పైగా అద్దె పెట్టాలి. మన ఉదాహరణలోని కుటుంబం మొత్తం సంపాదన కంటే అది ఎక్కువ.

ఇప్పుడు నిర్మాణ ఖర్చును ఏదో టెక్నాలజీతో పది శాతం తగ్గించారనుకోండి. లక్ష తగ్గుతుంది. అద్దె నెలకు ఏడు వందలు దిగుతుంది. అంతే. అదే భూమి ధరను పక్కన పెట్టేస్తే అద్దె ఒక్కసారిగా 6,900 దగ్గరికి వస్తుంది. కేంద్రం, రాష్ట్రం కలిసి ఇంటికి రెండున్నర లక్షలు సాయం చేశాయనుకుంటే దాదాపు 5,300. అంటే ఆ కుటుంబం కట్టగలిగిన 6 వేల లోపు. ఇందులో అసలు తీర్చడం లేదు, మరమ్మతులు లేవు. వాటి సంగతి తర్వాత చూద్దాం. ముందు అర్థం కావాల్సింది ఇది: స్టేషన్ పక్కన పేదల ఇల్లు సాధ్యమా కాదా అన్నది ఇంజినీరు డ్రాయింగ్ మొదలుపెట్టకముందే, భూమి ఏ ధరకు వస్తుందన్న దగ్గరే తేలిపోతుంది.

స్టేషన్ చుట్టూ పెద్ద భూస్వామి రైల్వేనే. నగరం నడిబొడ్డున పాత క్వార్టర్లు, యార్డులు, వాడకంలో లేని ఖాళీ జాగాలు దాని చేతిలో ఉన్నాయి. రైల్వే భూమి వేరే అవసరానికి మళ్లడం విజయవాడకు కొత్త కూడా కాదు. సత్యనారాయణపురం మీదుగా ఒకప్పుడు రైలు వెళ్లిన దారే తర్వాత బీఆర్‌టీఎస్ రోడ్డు అయింది.

రైల్వే ఖాళీ భూములను వాణిజ్యానికి మలిచే పని రైల్వే ల్యాండ్ డెవలప్‌మెంట్ అథారిటీది. పాత కాలనీల విషయంలో దాని పద్ధతి సూటిగా ఉంటుంది: బిల్డరు రైల్వేకు కొత్త క్వార్టర్లు కట్టివ్వాలి, బదులుగా మిగిలిన భూమిని దీర్ఘకాలం లీజుకు తీసుకుని అమ్ముకోవాలి. రైల్వేకు చేతి డబ్బు పెట్టకుండా క్వార్టర్లు వస్తాయి. బిల్డరు లీజు ధర రాబట్టుకోవాలి కాబట్టి అక్కడ లేచేవి మూడు పడకగదుల ఫ్లాట్లు. ఈ పద్ధతిలో ముఠా కూలీకి చోటు దొరకడం జరగని పని.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. 2022 సెప్టెంబరులో కేంద్ర కేబినెట్ రైల్వే భూముల లీజు విధానాన్ని మార్చింది. సరుకు రవాణా టెర్మినళ్లకు ఏడాది రుసుమును భూమి మార్కెట్ విలువలో 6 శాతం నుంచి 1.5 శాతానికి తగ్గించి, 35 ఏళ్ల వరకు ఇచ్చే వీలు కల్పించింది. అదే నిర్ణయంలో, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యంలో వచ్చే ఆస్పత్రులకు, కేంద్రీయ విద్యాలయ సంఘటన్ ద్వారా వచ్చే బడులకు చదరపు మీటరుకు ఏడాదికి ఒక్క రూపాయికే రైల్వే భూమి ఇవ్వవచ్చని చెప్పింది. సోలార్ ప్లాంట్లకూ నామమాత్రపు రుసుమే. ఆస్పత్రి, బడి, కరెంటు ఆ జాబితాలోకి వచ్చాయి. అద్దె ఇల్లు రాలేదు.

నా ఉద్దేశంలో ఈ వ్యవహారం మొత్తానికి అసలు తాళం అక్కడుంది. ఐదెకరాలంటే సుమారు 20 వేల చదరపు మీటర్లు. రూపాయి లెక్కన ఏడాదికి 20 వేల రూపాయలు. అంతకంటే చౌకగా భూమి ఏ పథకానికీ దొరకదు.

రైల్వే అభ్యంతరం కూడా తీసిపారేసేది కాదు. కాజీపేట వైపు, గూడూరు వైపు మూడో లైన్లు వేసుకుంటున్న సంస్థ పట్టాల పక్క భూమిని రేపటి లైన్ల కోసం దాచుకుంటుంది. ఒకసారి జనం చేరాక ఖాళీ చేయించడం ఎంత కష్టమో దానికి తెలుసు. రాజరాజేశ్వరిపేటలో రైల్వే స్థలంలో ఉంటున్న కుటుంబాల హక్కుల గొడవ దశాబ్దాలుగా నలుగుతూనే ఉంది. కాబట్టి పట్టాలను ఆనుకున్న పట్టీని ముట్టుకోకుండా, పాత క్వార్టర్ల కాలనీల్లోనే కొంత భాగం అడగడం న్యాయం. ఎంత భాగం అంటే, 2017 నాటి జాతీయ ట్రాన్సిట్ ఓరియెంటెడ్ డెవలప్‌మెంట్ (స్టేషన్ల చుట్టూ నగరాన్ని పెంచే) విధానం ఒక కొలత ఇచ్చింది. స్టేషన్ నుంచి 500 నుంచి 800 మీటర్ల నడక దూరంలో జరిగే నిర్మాణంలో కనీసం 30 శాతం పేద, అల్పాదాయ వర్గాల ఇళ్లకు ఉండాలని అందులో ఉంది.

అమ్మితే ఏమవుతుంది

భూమి చౌకగా వచ్చిందనుకుందాం. ఇళ్లు కట్టి రిజిస్ట్రేషన్ చేసి ఇచ్చేయొచ్చు కదా? మన రాజకీయాలకు బాగా అలవాటైన పద్ధతి అదే. తాళం చెవులు చేతిలో పెట్టే ఫోటో ఉంటుంది, పట్టా ఉంటుంది.

స్టేషన్ పక్కన మాత్రం ఇది పనిచేయదు. అక్కడి ఇల్లు చేతికొచ్చిన మర్నాడే మార్కెట్లో దాని ధర లబ్ధిదారు వాటాకు ఎన్నో రెట్లు. పిల్ల పెళ్లో, ఆస్పత్రి బిల్లో వచ్చినప్పుడు కొనేవాడు గుమ్మంలోనే ఉంటాడు. అమ్మకూడదని కాగితం మీద రాస్తే పవర్ ఆఫ్ అటార్నీ మీద చేతులు మారుతుంది. కొన్నేళ్లలో అదే భవనం హాస్టలో, లాడ్జో అవుతుంది. అమ్ముకున్నవాడిది తప్పనలేం. తప్పు ఆ ఇంటిని ఆస్తిగా మార్చిన నిబంధనది.

అందుకే అక్కడ కట్టేది అద్దె ఇల్లే కావాలి. భూమి, భవనం ప్రభుత్వ సంస్థ పేరిటే ఉండాలి. కుటుంబానికి దీర్ఘకాలం ఉండే హక్కు ఇవ్వాలి, అద్దె పెంపు ఎంతన్నది ముందే రాసుకోవాలి. 2020 జులైలో కేంద్రం తెచ్చిన అద్దె గృహ సముదాయాల పథకం ఇలాంటిదే. అయితే అందులోనూ మొదటి నమూనా ఖాళీగా పడి ఉన్న జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం ఇళ్లను అద్దెకు మళ్లించడం. ఊరి బయట ఎవరూ ఉండక ఖాళీ అయిన ఇంటిని అద్దెకిచ్చినంత మాత్రాన ఊరికి దగ్గరవుతుందా?

వియన్నాలో కొత్త ప్రధాన స్టేషన్ కట్టినప్పుడు పక్కనున్న పాత రైల్వే భూముల్లో సుమారు 5 వేల ఇళ్ల పేట లేపారు. అందులో పెద్ద వాటా ప్రభుత్వ సాయంతో నడిచే అద్దె ఇళ్లే. ధనిక నగరం కాబట్టి చెల్లిందని తోసిపుచ్చవచ్చు. నేర్చుకోవాల్సింది డబ్బు గురించి కాదు, భూమి చేజారనివ్వకపోవడం గురించి.

పట్టాలు ఒకటి చెబుతాయి, ఎండ ఇంకొకటి చెబుతుంది

ఇక డిజైన్. నాకు అన్నింటికంటే ఇష్టమైన చిక్కు ఇదే.

బెజవాడ స్టేషన్ దగ్గర పట్టాలు కృష్ణ వంతెన దాటి దాదాపు దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతాయి. పడమట తారాపేట, వన్‌టౌన్. తూర్పున గాంధీనగర్ వైపు. ఇప్పుడు రెండు సూత్రాలు ఒకదానితో ఒకటి తగాదా పడతాయి.

మొదటిది శబ్దం. మన చట్టం ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. రైలు హారన్ దగ్గర్లో 100 డెసిబెల్స్ ప్రాంతంలో ఉంటుంది. ఒకే చోటి నుంచి వచ్చే శబ్దం దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 15 మీటర్ల దగ్గర 100 ఉంటే, 30 మీటర్ల దగ్గర 94, 60 మీటర్ల దగ్గర 88. నడుమ ఏ అడ్డూ లేకపోతే దూరం ఒక్కటే నిద్రపోనివ్వదు. స్టేషన్ దగ్గర బండ్లు నెమ్మదిస్తాయి కాబట్టి నేల అదురు తక్కువే. చెవిని తినేది హారన్, బ్రేకుల కీచు, షంటింగ్ దెబ్బలు, అర్ధరాత్రి కూడా ఆగని ‘దయచేసి వినండి’. దీనికి మంచి మందు భవనాన్నే గోడలా వాడటం. పట్టాలకు సమాంతరంగా పొడవుగా, సందుల్లేకుండా కడితే వెనకవైపు గదుల్లో శబ్దం పది నుంచి ఇరవై డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. పది తగ్గితే చెవికి సగమైనట్టు వినిపిస్తుంది.

రెండోది ఎండ. పట్టాలకు సమాంతరం అంటే పొడుగు ముఖాలు తూర్పుకు, పడమరకు. బెజవాడలో అంతకంటే చెడ్డ దిక్కు లేదు. మన అక్షాంశంలో మే నెలలో మధ్యాహ్నపు ఎండ నేరుగా నెత్తిన పడుతుంది, గోడను పెద్దగా తాకదు. గోడను కాల్చేది సాయంత్రం మూడు నుంచి ఆరు దాకా అడ్డంగా వచ్చే పడమటి ఎండ. పొడుగు ముఖాలు ఉత్తర దక్షిణాలకు ఉండాలని ఏ ఆర్కిటెక్టైనా చెబుతారు. పట్టాలేమో దానికి అడ్డం తిరుగుతాయి.

శబ్దానికి కిటికీలు మూస్తే ఏసీ కావాలి. ఏసీ పెడితే కరెంటు బిల్లు అద్దెను మింగేస్తుంది. కిటికీలు తెరిస్తే రైలు గదిలోకి వస్తుంది. చౌక ఇంటి డిజైన్ నెగ్గేదీ ఓడేదీ ఈ ఒక్క చోటే.

తూర్పువైపు, అంటే గాంధీనగర్ వైపు స్థలం దొరికితే మాత్రం ఈ తగాదా దాదాపు తనంతట తనే సర్దుకుంటుంది. అక్కడి నుంచి చూస్తే పట్టాలు పడమట ఉంటాయి. రైలు శబ్దమూ, చెడ్డ ఎండా ఒకే దిక్కు నుంచి వస్తాయి. ఆ దిక్కున పడకగదులు పెట్టకుండా వరండా, మెట్లు, బాత్రూములు, వంటిళ్లు పేర్చేయాలి. అప్పుడు పడకగదులకు తూర్పు మిగులుతుంది. ఉదయం ఎండ తొందరగా దాటిపోతుంది, సాయంత్రం ఆగ్నేయం నుంచి తిరిగే పైరగాలి నేరుగా లోపలికి వస్తుంది. పడమటి వరండాకు అడ్డగోడ నిండుగా, నడుమెత్తు దాకా ఉండాలి. అందం కోసం కడ్డీల రెయిలింగ్ పెడితే కింద నుంచి శబ్దం అడ్డూఅదుపూ లేకుండా ఎక్కుతుంది. వరండా వెనకున్న గోడకు చిన్న వెంటిలేటర్లు చాలు.

ఆ పడమటి గోడకు టిడ్కో ఇళ్లలో వాడిన కాంక్రీటు షియర్ వాల్ (ఇటుకలు లేకుండా అచ్చులో పోసే గోడ) వాడొచ్చు. ఆ గోడలంటే జనానికి ఫిర్యాదులు చాలా ఉన్నాయి. మేకు దిగదు, వేసవిలో రాత్రి దాకా సెగలు కక్కుతుంది. కానీ బరువైన గోడే శబ్దాన్ని ఆపుతుంది. ముందు రెండు మీటర్ల వరండా నీడ ఉంటే ఆ గోడకు ఎండ తగలదు, సెగ సమస్యా తగ్గుతుంది. ఇటు వరండా, అటు బరువు, రెండూ కలిస్తేనే లాభం.

తారాపేట వైపు కథ తిరగబడుతుంది. శబ్దం తూర్పు నుంచి, ఎండ పడమర నుంచి. శబ్దానికి వీపు తిప్పితే ముఖం ఎండకు పడుతుంది. అక్కడ పట్టాలవైపు ఒక పొడుగు బ్లాకు అడ్డంగా పెట్టి, అందులో ఇళ్లు తక్కువగా, సామాన్ల గదులు, ట్యూషన్ హాలు, షాపుల గోడౌన్లు ఎక్కువగా నింపాలి. దాని చాటున దువ్వెన పళ్లలా తూర్పు పడమరలుగా సాగే చిన్న బ్లాకులు కడితే వాటి పొడుగు ముఖాలు ఉత్తర దక్షిణాలకు తిరుగుతాయి. ఖర్చు కాస్త ఎక్కువ. పైగా వన్‌టౌన్ రోడ్ల వెడల్పు ఎత్తును ఎలాగూ కట్టడి చేస్తుంది.

రైల్వే హద్దు నుంచి 30 మీటర్ల లోపు కట్టాలంటే రైల్వే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలన్నది రాష్ట్ర భవన నిబంధనల్లోనే ఉంది. చాలామంది దీన్ని నష్టంగా చూస్తారు. బళ్లు పెట్టుకునే చోటుగా, చెట్ల వరుసగా ఆ పట్టీ బాగానే పనికొస్తుంది. చెట్లు శబ్దాన్ని ఆపుతాయని మాత్రం ఎవరైనా చెబితే నమ్మొద్దు. దుమ్మును ఆపుతాయి, నీడనిస్తాయి, అంతవరకే.

ఎంత దగ్గరగా కట్టొచ్చు

దేశంలోని చాలా నగరాల్లోలా మన రాష్ట్రంలో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితి ముందు నిలబడదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే సెట్‌బ్యాక్‌లు కలిసి ఎత్తును తేలుస్తాయి. పేదల పథకం అనగానే ఆ సెట్‌బ్యాక్‌ల్లోనే కోత పెట్టి ఇళ్ల సంఖ్య పెంచాలనిపిస్తుంది. దానికి ముంబై ఒక చేదు పాఠం చెప్పింది.

అక్కడ సబర్బన్ రైళ్ల వేగం పెంచడానికి ఎంయూటీపీ అనే ప్రాజెక్టు కింద పట్టాల పక్క గుడిసెల్లోని వేల కుటుంబాలను భవనాల్లోకి మార్చారు. కుటుంబాల సంఘాలు తామే సర్వే చేసుకుని, తామే జాబితా రాసుకుని కదలడం అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు న్యాయమే. కానీ మాన్‌ఖుర్ద్, గోవండి వైపు కట్టిన కొన్ని పునరావాస కాలనీల్లో భవనాల మధ్య సందు మూడు మీటర్లే. కింది అంతస్తుల్లోకి వెలుతురు పడదు, గాలి కదలదు. 2018లో వెలువడిన ఒక అధ్యయనం ఆ కాలనీల్లో క్షయ ఎక్కువగా ఉండటానికీ ఈ ఇరుకుకూ సంబంధం ఉందని చూపించింది. పక్కా ఇల్లే జబ్బు తెచ్చింది. అందుకే ఐదంతస్తుల బ్లాకుల మధ్య కనీసం తొమ్మిది పది మీటర్లు ఉండాలంటాను. కింది ఇంటి వంటగదిలో పగలు లైటు వేయక్కర్లేకుండా ఉండాలి, అదే పరీక్ష.

మరి ఇళ్ల సంఖ్య ఎక్కడ పెంచుకోవాలి? కార్ల దగ్గర. స్టిల్టు (ఇళ్ల కింద స్తంభాల మధ్య వదిలే ఖాళీ అంతస్తు) కింద ఒక కారుకు, అది తిరిగే దారితో కలిపి, ప్రణాళికల్లో సుమారు 28 చదరపు మీటర్లు లెక్క వేస్తారు. బలహీన వర్గాల ఇంటికి 2015 నాటి కేంద్ర పథకం అనుమతించిన లోపలి విస్తీర్ణం 30 చదరపు మీటర్లు. ఒక కారు చోటు దాదాపు ఒక కుటుంబం చోటు. స్టేషన్‌కు ఐదు నిమిషాల నడకలో ఉన్న ముఠా కూలీకి కారు పార్కింగ్ ఎందుకు? రెండు చక్రాల బండికి, ఆటోకు, తోపుడు బండికి చోటు చూపించి కారు లెక్క తీసేయాలి. నిబంధనల్లో మార్పు కావాలంటే రాష్ట్రం చేతిలో పనే.

నేల గురించి రెండు మాటలు. ఇక్కడిది కృష్ణ ఒండ్రు, నల్లరేగడి కలిసిన నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. పునాదికి పైల్స్ ఖర్చు ముందే వేసుకోవాలి, టెండరు అయ్యాక కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాక, కింద ఇళ్లు పెట్టకూడదని ఇంకెవరికీ చెప్పక్కర్లేదు. కరెంటు మీటర్ల బోర్డు మొదటి అంతస్తులో ఉండాలి. తాగునీటి సంపు మూత నేలమట్టానికి బాగా పైన ఉండాలి. ఈ రెండూ డ్రాయింగ్‌లో ఒక గీత ఖర్చు.

400 అడుగుల్లోపల

ఇంటి లోపలి విషయానికొస్తే, ప్లాన్లు గీసేవాళ్లు హాలు, బెడ్‌రూము, కిచెన్ అని పేర్లు రాసి ఊరుకుంటారు. ఇక్కడ ఉండేవాళ్ల రోజు వేరుగా నడుస్తుంది. రాత్రంతా ఆటో నడిపినవాడు ఉదయం ఎనిమిదింటికి పడుకుంటాడు. అదే వేళకు పిల్లలు బడికి తయారవుతుంటారు, టీవీ మోగుతుంటుంది. కాబట్టి చిన్నదైనా ఒక గదికి తలుపు వేసుకునే వీలుండాలి, బాత్రూముకు ఆ గదిలోంచి కాకుండా బయటి నుంచి దారి ఉండాలి. రెండు గదులనూ ఒకటే చేసి ‘ఓపెన్ ప్లాన్’ అంటే ఆటో డ్రైవరు నిద్రకు నీళ్లొదులుకోవాల్సిందే.

ఇడ్లీ బండి ఉన్న ఇంట్లో రాత్రి పది దాటాక గ్రైండర్ తిరుగుతుంది. పిండి బకెట్లు, పెద్ద గిన్నెలు, రెండు గ్యాస్ బండలు. వంటగట్టు కింద అంతా అరలతో మూసేస్తే గ్రైండర్ హాల్లోకి వస్తుంది. గట్టు కింద రెండడుగులు ఖాళీగా వదిలి, అక్కడొక 15 ఆంపియర్ల ప్లగ్గు, కడగడానికి చిన్న నీళ్ల మడి పెడితే సరిపోతుంది. బండిని రాత్రి రోడ్డు మీద వదిలితే చక్రాలు మాయమవుతాయి, లేదా తెల్లారేసరికి ఎత్తుకెళ్లి కార్పొరేషన్ వ్యానులో వేస్తారు. స్టిల్టు కింద బండికి గొలుసు వేసుకునే కొక్కెం, ఒక లైటు, ఒక కుళాయి ఇస్తే ఆ కుటుంబానికి అది సగం ఉపాధి పథకం.

వరండా మళ్లీ చెప్పాలి. రెండు మీటర్లుంటే బట్టలు ఆరతాయి, ముసలమ్మ నులక మంచం పడుతుంది, పిల్లలు చదువుకుంటారు. 1.2 మీటర్లుంటే అది నడిచే దారి మాత్రమే. మొత్తం విస్తీర్ణం తగ్గించాలని ముందుగా కత్తెర పడేది ఇక్కడే. నేనైతే ఇంట్లోంచి ఇరవై అడుగులు తగ్గించి అయినా వరండాకు కలుపుతాను.

నెలనెలా ఎవరు చూస్తారు

జాతీయ భవన నిర్మాణ కోడ్ 15 మీటర్లు, ఆపైన ఉన్న భవనాన్ని హైరైజ్ కింద లెక్క వేస్తుంది. అగ్నిమాపక ఏర్పాట్లు, లిఫ్టులు, జనరేటరు, వీటన్నిటి ఖర్చు ఒకేసారి మీద పడుతుంది. కట్టడానికే కాదు, నడపడానికి కూడా. అందుకే స్టేషన్ పక్కన భూమి ఎంత విలువైనదైనా పేదల అద్దె ఇల్లు పది పన్నెండు అంతస్తులకు ఎక్కించకూడదని నా అభిప్రాయం. స్టిల్టు మీద నాలుగైదు అంతస్తులు, బ్లాకుకొక లిఫ్టు, అంతే.

ఆ ఒక్క లిఫ్టును నడిపే డబ్బు ఎక్కడిది? ఇందాక వేసిన లెక్కలో కుటుంబం ఇచ్చే 5,300 వడ్డీకే సరిపోయింది. అసలుకు, మరమ్మతులకు ఏమీ మిగల్లేదు. ఇక్కడే స్టేషన్ పక్కన ఉండటం లాభిస్తుంది. రోడ్డువైపు కింది భాగంలో షాపులు పెడితే టిఫిన్ సెంటర్, మందుల షాపు, లగేజీ గది ఎవరైనా పోటీపడి తీసుకుంటారు. జక్కంపూడిలో అలాంటి బేరం లేదు, ఇక్కడుంది. పైనున్న ఇళ్ల అద్దె తక్కువగా ఉండాలంటే కింది షాపుల అద్దె దానికి తోడు రావాలి.

ఆ తోడు నిలబడాలంటే ఒప్పందంలోనే మూడు సంగతులు రాయాలి. షాపుల అద్దె ఆ భవనాల పేరిట విడి ఖాతాలో పడాలి, కార్పొరేషన్ జనరల్ ఫండ్‌లో కలవకూడదు. ఆ ఖాతా నుంచి ఖర్చుకు ఇళ్లల్లో ఉండేవాళ్ల సంఘం సంతకం కూడా ఉండాలి. ప్రతి ఇంటికీ విడి కరెంటు మీటరు ఉన్నట్టే, మోటారుకు, లిఫ్టుకు, వరండా లైట్లకు కూడా బ్లాకువారీగా విడి మీటరు ఉండాలి. ఉమ్మడి బిల్లు బకాయి పడితే ముందు ఆగేది నీళ్ల మోటారు. ఐదో అంతస్తువాళ్లు బిందెలతో మెట్లెక్కడం మొదలుపెట్టిన నెలలోనే ఆ ఇళ్లు తిరిగి లాడ్జీల చేతిలోకి జారడం మొదలవుతుంది.